మార్కులు నూటికి తొంభై ఎనిమిది – మరి మోకాలికి గుజ్జు వస్తుందా?

రెండు నెలల కిందట ఒక సోమవారం ఓ.పి. ముగించుకుని లేవబోతూంటే ఒక పెద్దాయన లోపలికి వచ్చారు. మా వూళ్ళో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయిన మనిషి. వెనకాలే ఆయన భార్య, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో మోకాలు నొక్కుకుంటూ వచ్చింది. ఆవిడకు అరవై మూడేళ్ళు. ఆరేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. ఆవిడ సంగతి నాకు కొత్త కాదు. కొత్తదల్లా మాస్టారి చేతిలో వున్న రంగుల ఫైలు.

పట్నంలో ఒక క్లినిక్కు వారు ఇచ్చారట. పొట్ట మీది కొవ్వు కొంచెం లాగి, అందులోంచి మూలకణాలు వేరుచేసి, మూడు గంటల్లో మోకాలి లోపలికి ఇంజక్షన్ చేస్తారట. అరిగిపోయిన గుజ్జు మళ్ళీ మొలుస్తుందట. రెండు మోకాళ్ళకూ కలిపి మూడు లక్షలు. మాస్టారు అప్పటికే ఇరవై వేలు అడ్వాన్సు కట్టేశారు. మిగతాదానికి బ్యాంకులో వున్న ఫిక్సెడ్ డిపాజిట్ తీసెయ్యాలని ఆలోచన. ఎందుకయినా మంచిదని నా చెవిన వెయ్యడానికి వచ్చారు.

ఫైలు మధ్యలో ఒక కాగితం ఎర్ర సిరాతో గీతలు గీసి వుంది. “సి.డి. 73 – 98.7 శాతం. సి.డి. 90 – 99.1 శాతం. సి.డి. 105 – 98.2 శాతం.”

“ముప్పయ్యారేళ్ళు పేపర్లు దిద్దినవాణ్ణి డాక్టరుగారూ, మూడు సబ్జెక్టుల్లోనూ తొంభై ఎనిమిది దాటినవాణ్ణి మీరయినా ఫెయిల్ చెయ్యగలరా?” అన్నారు మాస్టారు.

ఆ మాటకు నాకు వెంటనే జవాబు తోచలేదు. ఫైలు ఇక్కడ వుంచి గురువారం రమ్మన్నాను. ఇలాంటి ఫైళ్ళు ఇప్పుడు చాలామంది ఇళ్ళల్లో వున్నాయి. మాస్టారికి చెప్పిందే మీకూ చెప్తున్నాను.

గుజ్జు అంటే ఏమిటి?

మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందని అందరం అంటాం. నిజానికది గుజ్జు కాదు. మాంసాహారులు కోడి కాలి ఎముకను చూసే వుంటారు. దాని చివర తెల్లగా, నున్నగా, మెరుస్తూ ఒక టోపీ లాంటిది వుంటుంది. అదే మృదులాస్థి. శాకాహారులు తమ చెవి డొప్పను వంచి చూసుకోవచ్చు. రకం వేరు గాని అదీ ఆ జాతిదే. మోకాలిలో దీని మందం కొద్ది మిల్లీమీటర్లకు మించదు. అందులో మూడింట రెండు వంతులకు పైగా నీరే. ఆ నీటిని పట్టి వుంచేవి కొన్ని చక్కెర, మాంసకృత్తుల కలయికలు. వాటిని చెదిరిపోకుండా బిగించి వుంచేది రెండో రకం కొల్లాజెన్ అనే దారాల వల. ఈ వల, ఈ నీరు కలిసి మన బరువునంతా మోస్తున్నాయి.

దీనికి రక్తనాళాలు లేవు. నరాలూ లేవు. నరాలు లేవు గనుక అరుగుదల మొదలయినప్పుడు నొప్పి తెలియదు. నొప్పి తెలిసేసరికి కింద వున్న ఎముక, చుట్టూ వున్న పొర కూడా దెబ్బతిని వుంటాయి. రక్తం లేదు గనుక చర్మం మీద గాయం మానినట్లు ఇది మానదు. ఈ సంగతి 1743లోనే విలియం హంటర్ అనే వైద్యుడు లండన్ రాయల్ సొసైటీకి చెప్పాడు. ఒకసారి పాడయిన మృదులాస్థి తిరిగి బాగుపడదని ఆయన మాటల సారాంశం. రెండువందల ఎనభై ఏళ్ళు దాటినా ఆ మాట పూర్తిగా అబద్ధమని ఎవరూ నిరూపించలేకపోయారు.

రక్తం చేరని చోటికి మరమ్మతు చేసే పనివాళ్ళను మనమే తీసుకువెళ్ళి దింపితే? ఇక్కడే మూలకణాలు వస్తాయి. ఈ కథ సోవియట్ రష్యాలో మొదలయింది. అక్కడ 1960, 70 దశకాలలో అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞుడు ఎముక మజ్జను ప్రయోగశాల పాత్రలో వుంచితే కొన్ని కణాలు అడుగున అంటుకుని గుంపులు గుంపులుగా పెరుగుతాయనీ, వాటిని మళ్ళీ జంతువు శరీరంలో పెడితే ఎముకను తయారుచేస్తాయనీ చూపించాడు. 1991లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఆర్నాల్డ్ కాప్లన్ వాటికి మెసెంకైమల్ స్టెమ్ సెల్స్ అని పేరు పెట్టాడు. అవి ఎముకగా, కొవ్వుగా, మృదులాస్థిగా మూడు విధాలా మారగలవని మనుషుల కణాలతోనే 1999లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. అప్పటినుంచే ప్రపంచంలోని మోకాళ్ళన్నీ ఆశగా చూడడం మొదలుపెట్టాయి.

ఈ కణాలు చాలా అరుదు. మజ్జలో పదివేల నుంచి లక్ష కణాలకు ఒకటి చొప్పున దొరుకుతాయి. అందుకని వాటిని ప్రయోగశాలలో రెండు మూడు వారాలు పెంచి లక్షలు, కోట్లు చేస్తారు. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత పనికివస్తుంది.

ఖాకీ చొక్కా లెక్క

ఇప్పుడు మార్కుల సంగతి. ప్రతి కణం మీదా రకరకాల మాంసకృత్తులు గుర్తుల్లాగ అంటుకుని వుంటాయి. ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క పేరుతో పిలుస్తూంటే గందరగోళంగా వుందని 1982లో పారిస్‌లో కూర్చుని వాటికి సి.డి. అని వరుస నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఎయిడ్స్ రోగులకు చేసే సి.డి. 4 కౌంటు పేరు మీరు వినే వుంటారు. అదీ ఈ వరుసలోనిదే.

వీటిని చూడడానికి ఒక యంత్రం వుంది. ఒక్కొక్క గుర్తును మాత్రమే పట్టుకునే ప్రతిరక్షకాలకు వెలుగు వచ్చే రంగులు పూసి కణాలతో కలుపుతారు. తిరుమల క్యూలో భక్తులు వెళ్ళినట్లు కణాలు ఒకదాని వెనుక ఒకటి లేజర్ కాంతి ముందునుంచి వెళ్తాయి. రంగు మెరిసినవాటిని యంత్రం లెక్కపెడుతుంది. నూటికి తొంభై ఎనిమిది మెరిస్తే 98 శాతం. మాస్టారి కాగితంలో వున్న అంకెలు అవే. అంటే అవి ఒక కణానికి వచ్చిన మార్కులు కావు. నూరుమందిలో ఎంతమంది ఫలానా చొక్కా తొడుక్కుని వచ్చారు అన్న హాజరుపట్టీ మాత్రమే.

ఆ చొక్కా ఏమిటి? 2006లో కణ చికిత్సల అంతర్జాతీయ సంఘం వారు ఒక నిర్ణయం చేశారు. మెసెంకైమల్ కణాలని పిలవాలంటే ప్లాస్టిక్ పాత్రకు అంటుకుని పెరగాలి. 73, 90, 105 అనే మూడు గుర్తులు 95 శాతానికి తగ్గకుండా వుండాలి. రక్తకణాల గుర్తులయిన 45, 34 వంటివి 2 శాతం మించకూడదు. ఇంతేకాదు, ఎముకగా, కొవ్వుగా, మృదులాస్థిగా మారగలవని విడిగా పరీక్షపెట్టి చూపించాలి. ఒక వూరి ప్రయోగశాలవారు, ఇంకో వూరివారు ఒకే రకం కణం గురించి మాట్లాడుకోవడానికి ఏర్పరచుకున్న కనీసపు ఒప్పందం ఇది. గుజ్జు తయారుచేసే సామర్థ్యానికి కొలబద్ద అని వారు ఎన్నడూ అనలేదు. అసలు గుర్తులు చూస్తే చాలనుకుంటే ఆ చివరి పరీక్ష విడిగా పెట్టమనేవారే కాదు కదా!

పైగా మన చర్మం అడుగున వుండే మామూలు ఫైబ్రోబ్లాస్టు కణాలను పెంచి ఈ యంత్రంలోనే పంపినా 73, 90, 105లలో ఇంచుమించు ఇవే అంకెలు వస్తాయి. ఖాకీ చొక్కా పోలీసూ తొడుక్కుంటాడు, పోస్ట్‌మానూ తొడుక్కుంటాడు, ఆటో డ్రైవరూ తొడుక్కుంటాడు. చొక్కాను చూసి వీడు బస్సు నడపగలడని స్టీరింగ్ అప్పజెప్పేస్తామా?

బస్సు నడపగలడో లేదో చూడాలంటే నడిపించే చూడాలి. ఆ పద్ధతి 1998లో క్లీవ్‌లాండ్ పరిశోధకులే కనిపెట్టారు. రెండు లక్షలకు పైగా కణాలను మొన తేలిన చిన్న గొట్టంలో పోసి గిరగిర తిప్పుతారు. అవి అడుగున ఆవగింజంత ముద్దగా చేరతాయి. దానికి టి.జి.ఎఫ్. బీటా అనే ప్రేరకం, డెక్సామెథసోన్, విటమిన్ సి ఇచ్చి మూడు వారాలు పెంచుతారు. కణాలలో సత్తా వుంటే ఆ ముద్ద వుబ్బి, తెల్లగా మెరిసే పూసలా తయారవుతుంది. దాన్ని పల్చగా కోసి సఫ్రానిన్ అనే రంగు వేస్తే ఎర్రగా పట్టుకుంటుంది. ఎంత ఎరుపయితే అంత మృదులాస్థి పదార్థం వున్నట్లు. రెండో రకం కొల్లాజెన్ వుందా అనీ చూస్తారు.

అసలు విశేషం ఇప్పుడు వినండి. ఇద్దరు మనుషుల మజ్జ తీసి కణాలను పెంచితే గుర్తుల పరీక్షలో ఇద్దరికీ 98 రావచ్చు. ఒకరి పూస ఎర్రగా బలంగా వస్తుంది, రెండోవారి పూస వెలవెలబోతుంది. ఒకే మనిషి కణాలయినా పాత్రనుంచి పాత్రకు మార్చి ఎక్కువసార్లు పెంచుతూపోతే మృదులాస్థి చేసే శక్తి తగ్గిపోతుంది, ఆ మూడు గుర్తులు మాత్రం చెక్కుచెదరవు. చొక్కా మాసిపోదు, చేతిలో పని మరిచిపోతాడన్నమాట! ఎక్కడినుంచి తీశారన్నదీ ముఖ్యమే. 2005లో టోక్యోలో మజ్జ, కొవ్వు, కండరం, ఎముక పైపొర, కీలు లోపలి పొర – ఈ అయిదింటి కణాలనూ పక్కపక్కన పెట్టి పోల్చారు. మృదులాస్థి చెయ్యడంలో కీలు పొరనుంచి వచ్చినవి ముందున్నాయి. కొవ్వునుంచి వచ్చినవి వెనకబడ్డాయి. మాస్టారి క్లినిక్కు వారు తీస్తామన్నది కొవ్వే.

మరి నిజంగా పనివాణ్ణి పట్టిచ్చే గుర్తు ఏదీ లేదా అంటే, వెతుకుతున్నారు. స్ట్రో–1, 271, 146 అంటూ ఎన్నో పరీక్షించారు. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పోడోప్లానిన్, 73, 164 వుండి 146 లేని కణాలు మనుషుల అస్థిపంజరానికి అసలయిన మూలకణాలని ప్రకటించారు. అవి ఎముక, మృదులాస్థి చేస్తాయి, కొవ్వు చెయ్యవు. చూశారా, ఇక్కడ ఒక గుర్తు లేకపోవడం కూడా లెక్కలోకి వచ్చింది. ఇది మంచి మలుపే. అయితే ఇది ప్రయోగశాల గుమ్మం దాటి మన జిల్లా ఆసుపత్రిదాకా రావడానికి ఇంకా సమయం పడుతుంది.

ఇంకో చిక్కు కూడా వుంది. గొట్టంలో చక్కగా తయారయిన పూస అక్కడితో ఆగదు. కణాలు వుబ్బిపోయి, పదో రకం కొల్లాజెన్ తయారుచేసి, సున్నం పట్టి ఎముకగా మారే దారి పడతాయి. పిల్లలు పొడుగు పెరిగేటప్పుడు ఎముక చివర జరిగేది ఇదే. పిల్లలకు అది కావాలి. మోకాలికి కావలసింది నూరేళ్ళూ మృదులాస్థిగానే నిలబడే పదార్థం. గొట్టంలోనే ఆగని దాన్ని, బరువు మోస్తూ, వాపుతో వున్న మోకాలిలో ఆగమంటే ఆగుతుందా? ఇంతకూ ఇంజక్షన్ చేసిన కణాలలో చాలావాటి ఆయుర్దాయం కొద్ది రోజులు, వారాలే. ఆ కాసేపట్లో అవి విడుదలచేసే రసాయనాల వల్ల వాపు, నొప్పి తగ్గవచ్చునని ఇప్పుడు ఎక్కువమంది నమ్మకం. పేరు పెట్టిన కాప్లన్‌గారే 2017లో, ఈ పేరు మార్చెయ్యాలి, స్టెమ్ సెల్స్ అనడంవల్ల జనం పొరబడుతున్నారు అని వ్యాసం రాశారు.

రోగుల మీద చేసిన పరీక్షలు ఏమంటున్నాయి? అమెరికాలో దాదాపు 480 మంది మోకాళ్ళ రోగులకు కొందరికి మజ్జనుంచి, కొందరికి కొవ్వునుంచి, కొందరికి బొడ్డుతాడునుంచి తీసిన కణాలు, కొందరికి మామూలు స్టీరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చి సంవత్సరం తరువాత చూశారు. 2023లో ఫలితం వచ్చింది. ఏ కణమూ స్టీరాయిడ్ ఇంజక్షన్ కంటే మెరుగని తేలలేదు. 2025లో కోక్రేన్ సంస్థవారు ఇలాంటి పరీక్షలన్నీ గుదిగుచ్చి, నొప్పి కొద్దిగా తగ్గవచ్చునేమోగాని ఆధారాలు బలహీనంగా వున్నాయని తేల్చారు.

మన దేశం సంగతి కూడా చెప్పాలి. బెంగుళూరు సంస్థ ఒకటి దాతల మజ్జనుంచి తీసి పెంచిన కణాలకు, మధ్యస్థంగా అరిగిన మోకాళ్ళ కోసం 2022లో కేంద్ర డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి ఇచ్చారు. ఉత్తుత్తి ఇంజక్షన్‌తో పోల్చి చేసిన వారి పరీక్షలో సంవత్సరం పాటు నొప్పి తగ్గింది, అరుగుదల ముదరలేదు. అయితే మృదులాస్థి పరిమాణం చెప్పుకోదగ్గంత పెరగలేదు. నిజాయితీగా చేసిన పని. అది వేరు, మూడు గంటల్లో గుజ్జు మొలిపిస్తామనే ఫైలు వేరు.

గురువారం

చెప్పినట్లే గురువారం ఇద్దరూ వచ్చారు. పైదంతా కాస్త క్లుప్తంగా చెప్పి, ఫైలు తిరగేస్తూ అడిగాను: “మాస్టారూ, అమ్మగారి పొట్ట మీది కొవ్వు తీశారా?”

“లేదండీ, వచ్చే బుధవారం కదా రమ్మన్నది.”

“మరి ఈ 98.7 ఎవరిది?”

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని కాగితాన్ని దగ్గరగా పెట్టుకున్నారు. కింద మూల చిన్న అక్షరాల్లో నమూనా నివేదిక అని వుంది.

అంతేకాదు. కొవ్వు తీసిన మూడు గంటల్లో ఎక్కించే ద్రవంలో మూలకణాలతో బాటు రక్తకణాలు, రక్తనాళాల గోడల కణాలు అన్నీ కలగాపులగంగా వుంటాయి. 98 శాతం రావాలంటే వారాల తరబడి పెంచాలి. వారాలు పెంచిన కణాల మార్కులు చూపించి, మూడు గంటల సరుకు ఎక్కిస్తున్నారన్నమాట. ఒకడి పేపరు, ఇంకొకడి హాల్ టికెట్! లెక్కల మాస్టారికి ఇంతకంటె చెప్పనక్కరలేకపోయింది.

మీ ఇంట్లో ఎవరయినా ఇలాంటి చికిత్సకు బయలుదేరితే ముందు కొన్ని అడగండి. ఆ అంకెలు మీ కణాలవేనా, ఎక్కించబోయే బ్యాచ్‌వేనా? మృదులాస్థి చేస్తాయో లేదో విడిగా పరీక్షించారా? కణాలను పెంచి ఎక్కించేటట్లయితే 2019 నాటి నియమాల ప్రకారం అది కొత్త మందు కింద లెక్క. దానికి డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి కాగితం చూపించగలరా? పరిశోధన అంటారా, అయితే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబరు చెప్పమనండి. పరిశోధనలో చేరిన రోగి దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదని 2017 నాటి ఐ.సి.ఎం.ఆర్. మార్గదర్శకాలు చెప్తున్నాయి. పరిశోధన పేరు చెప్పి లక్షలు అడిగితే అక్కడే లేచి వచ్చెయ్యండి. పోతే డబ్బు ఒక్కటేనా అనుకోకండి. 2018లో అమెరికాలో, బొడ్డుతాడు రక్తం నుంచి తయారుచేసిన ఇంజక్షన్లు సూక్ష్మజీవులతో కలుషితమై 12 మంది ఆసుపత్రి పాలయ్యారు. కీలు లోపల చీము పట్టడమంటే చిన్న విషయం కాదు.

ఇంతసేపూ మాట్లాడని ఆవిడ అప్పుడు నోరు విప్పింది. “గుజ్జు సంగతి తరవాత చూద్దాం గాని బాబూ, ముందు ఈ నొప్పి తగ్గే ఉపాయం ఏదయినా చెప్పండి. పాలవాడు పిలిస్తే గుమ్మం దిగలేకపోతున్నాను.”

ఆవిడ అడిగిందే సరయిన ప్రశ్న. ఎక్స్‌రేలో ఆవిడ మోకాళ్ళు నాలుగు గ్రేడులలో మూడో దాంట్లో వున్నాయి. బరువు 78 కిలోలు. ఒక కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. రాత్రి అన్నం సగం చేసి, మధ్యాహ్నం టీతో తినే జంతికలు మానమన్నాను. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి, తొడ కండరం బిగించి అయిదు లెక్కపెట్టి దించడం – పూటకు పదిహేను సార్లు, రెండు కాళ్ళకూ. తొడ కండరం గట్టిపడితే కీలు మీద భారం అది పంచుకుంటుంది. మొదటి రెండు వారాలు నొప్పి కాస్త పెరిగినట్లు వుంటుంది, భయపడి మానకూడదు. చేతికర్ర ఎక్కువ నొప్పి వున్న మోకాలికి రెండో వైపు చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి వున్న వైపే పట్టుకుంటారు. కింద పీట మీద కూర్చుని కూరలు తరగడం, గొంతుక్కూర్చునే దొడ్డి మానాలి. నొప్పి మరీ ఎక్కువగా వున్నప్పుడు పైన రాసే డైక్లోఫెనాక్ జెల్ మంచిది. నొప్పి బిళ్ళలు మాత్రం, ముఖ్యంగా బి.పి., షుగరు, మూత్రపిండాల జబ్బు వున్నవారు, మందుల షాపులో సొంతంగా కొనుక్కోకూడదు. గ్లూకోసమిన్ బిళ్ళలు మా అమ్మకు రెండేళ్ళు నేనే కొనిపెట్టాను. ఇప్పుడయితే కొనను.

నాలుగో గ్రేడుకు వచ్చి, రాత్రి నిద్రలో కూడా నొప్పి లేపేస్తూంటే కృత్రిమ కీలు ఆపరేషన్ గురించి ఆలోచించాలి. దాని పరికరాల ధరలకు కేంద్రం 2017లో పరిమితి పెట్టింది, అంతకుముందున్నంత భారం ఇప్పుడు లేదు. ఏ గ్రేడయినా సరే, మోకాలు ఒక్కసారిగా ఎర్రగా వాచి, జ్వరం వస్తే కాపడం పెట్టుకుంటూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి రండి.

కిందటి వారం ఆవిడ మళ్ళీ వచ్చింది. 75 కిలోలు తూగింది. నొప్పి పోలేదు గాని పాలవాడి కోసం గుమ్మం దిగుతోందిట, కర్ర సాయంతో మా ఆసుపత్రి మెట్లూ ఎక్కింది. ఫిక్సెడ్ డిపాజిట్ బ్యాంకులోనే వుంది. అడ్వాన్సు కట్టిన ఇరవై వేల కోసం మాస్టారు ఆ క్లినిక్కుకు మూడో ఉత్తరం రాశారు. జవాబు ఇంకా రాలేదు.